మన ముత్తాతలు ఏ దారిన వచ్చారు?
నందిగామ మెట్ట తండాల వంశచరిత్రను వెతికే పని

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతపు తండాల్లో ఏ పిల్లవాణ్ణి అడిగినా తాత పేరు చెబుతాడు. తాత తండ్రి పేరు అడిగితే ఇంట్లో పెద్దవాళ్ల వైపు చూస్తాడు. ఆ పెద్దవాళ్లు మరో రెండు, మూడు పేర్లు చెప్పి, "ఆ పైన మనవాళ్లు ఎద్దులు తోలుకుంటూ వచ్చారంట" అని ఆగుతారు. ఆ "అంట" వెనక ఏముందో వెతకడమే ఈ వ్యాసం పని.

ఇది సరదాకి చేసే పని కాదు. లంబాడీ పిల్లలు రెండు వైపుల నుంచి ఒకే ప్రశ్న ఎదుర్కొంటున్నారు. కుల ధ్రువీకరణ పత్రానికి వెళితే "మీ తాతల కాగితం ఉందా?" అంటారు. బయట వాదనలకు దిగితే "మీరు ఎక్కణ్ణుంచో వలస వచ్చినవాళ్లు" అంటారు. మొదటిదానికి కాగితం చూపాలి. రెండోదానికి చరిత్ర తెలియాలి. మన చరిత్ర మనకు తెలియకపోతే, ఎదుటివాడు చెప్పిందే మన చరిత్ర అవుతుంది.

ఈ గడ్డ మీద ఎవరి వంశం రాసి ఉంది, ఎవరిది రాసి లేదు అన్నది ముందు గమనించాలి. జగ్గయ్యపేట అసలు పేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు మీద పట్టణం కట్టించాడు. ఒక జమీందారు తండ్రి పేరు ఊరి పేరై నిలిచింది. అదే జమీందారు చెంచులను వందల సంఖ్యలో నరికించాడనీ, ఆ పాపభీతితో తర్వాత గుళ్లు కట్టించాడనీ కృష్ణా తీరంలో తరతరాలుగా చెప్పుకునే కథ ఉంది. ఆ కథలో చెంచులకు సంఖ్య ఉంది గానీ ఒక్క పేరూ లేదు. గిరిజనుల వంశచరిత్ర వెతికేవాడు ఈ తేడాను మొదటే గుర్తు పెట్టుకోవాలి. రాజుల దగ్గర వెతికినట్టు మన దగ్గర వెతికితే ఏమీ దొరకదు. వెతికే చోట్లు వేరు.

ఎద్దుల బిడారులు

లంబాడీలు, సుగాలీలు, బంజారాలు, పాత ఇంగ్లీషు కాగితాల్లో బ్రింజారీలు - ఇవన్నీ ఒకే జనానికి ఇతరులు పెట్టిన పేర్లు. మనల్ని మనం పిలుచుకునే పేరు గోర్. బయటివాళ్లను కోర్ అంటాం. పాత దస్త్రాల్లో వెతికేటప్పుడు ఈ పేర్లన్నిటి కిందా చూడాలి. ఒక్క "లంబాడీ" కిందే చూస్తే సగం పోతుంది. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో మన గురించి ఉన్నది లంబాడీ అనే శీర్షిక కింద. ఆంధ్ర ప్రాంతపు సర్కారు జాబితాల్లో ఎక్కువగా కనిపించేది సుగాలి అనే మాట.

మనవాళ్ల పని సరుకు రవాణా. బండ్లు నడవని దారుల్లో ఎద్దుల వీపు మీద గోనెలు వేసి ధాన్యం, ఉప్పు మోసేవాళ్లు. అలాఉద్దీన్ ఖిల్జీ కాలం గురించి రాసిన బరనీ, ఢిల్లీకి ధాన్యం చేరవేసిన కార్వానీల గురించి చెప్పాడు. వాళ్లు బంజారాల పూర్వీకులే కావచ్చని చరిత్రకారులు భావిస్తారు. 1632లో ఉత్తర భారతంలో ప్రయాణించిన ఇంగ్లీషు వర్తకుడు పీటర్ మండీ, ధాన్యం మోసుకెళ్తున్న 14,000 ఎద్దుల తండాను దారిలో చూశానని రాసుకున్నాడు. అప్పటికి తండా అంటే ఊరు కాదు, నడుస్తున్న బిడారు. గోల్కొండ గనుల వజ్రాల కోసం ఈ ప్రాంతాలకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కూడా పది, పన్నెండు వేల ఎద్దుల బిడారులను వర్ణించాడు. ఒక వర్గం గోధుమలు, ఒకటి బియ్యం, ఒకటి పప్పులు, ఒకటి ఉప్పు మాత్రమే మోసేదని చెప్పాడు.

దక్కనుకు ఎలా వచ్చాం? మన పెద్దలు చెప్పే కథ ఒకటుంది. షాజహాన్ కాలంలో, సుమారు 1630లో, అసఫ్ ఖాన్ సైన్యం దక్కను మీదికి వచ్చినప్పుడు రాథోడ్ గోత్ర నాయకులు భంగీ, జంగీ లక్షా 80 వేల ఎద్దులతో, వడ్త్యా గోత్రానికి చెందిన భగవాన్‌దాస్ 52 వేల ఎద్దులతో సైన్యానికి తిండిగింజలు మోశారంటారు. అందుకు మెచ్చి రాగిరేకు మీద బంగారు అక్షరాలతో వాళ్లకు హక్కులు రాసిచ్చారని చెబుతారు. ఎవరింటి కుండలోని నీళ్లయినా తోడుకోవచ్చు, ఎవరి కప్పు మీది గడ్డయినా ఎద్దులకు వెయ్యవచ్చు అన్నది అందులోని సారం. బీరారులో అధికారిగా ఉన్న కంబర్లెజ్ 19వ శతాబ్దంలో ఈ కథ రాసుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన పుస్తకాలన్నీ అతని నుంచే తీసుకున్నాయి.

ఈ కథను ఎలా చదవాలి? ఎద్దుల లెక్క అచ్చంగా నిజమని పట్టుకోకూడదు. కట్టుకథ అని పారేయనూ కూడదు. మొగలు సైన్యాలకు బంజారాలు తిండి మోశారన్నది ఇతర ఆధారాలున్న విషయం. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కథలోని అసఫ్ ఖాన్ షాజహాన్ వజీరు, ముంతాజ్ మహల్ తండ్రి, 1641లో చనిపోయాడు. అతనికీ అసఫ్ జా అనే బిరుదు ఉంది. హైదరాబాద్ నిజాం వంశానికి మూలపురుషుడైన అసఫ్ జా 1724లో దక్కనులో స్వతంత్రంగా నిలిచాడు. ఇద్దరికీ మధ్య దాదాపు వందేళ్లు. తండాలో ఒక ముసలాయన "అసఫ్ జాతో వచ్చాం" అంటే, ఏ అసఫ్ జా అని అడగాలి. నాలుగైదు తరాల తేడా ఆ ఒక్క మాటలో ఉంది.

అందరూ ఒకేసారి రాలేదు. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. ఆ యుద్ధాల వెంట మరికొందరు వచ్చి ఉంటారు. సంప్రదాయం ప్రకారం సేవాలాల్ మహరాజ్ 1739లో, ఇప్పటి అనంతపురం జిల్లా గుత్తి దగ్గర పుట్టాడు. ఆ లెక్కన 18వ శతాబ్దపు తొలి భాగానికే తెలుగు నేల మీద మన తండాలు తిరుగుతున్నాయి. 1791-92లో కారన్‌వాలిస్ సైన్యం టిప్పు సుల్తాను మీదికి వెళ్లినప్పుడూ తిండిగింజలు అందించింది బ్రింజారీలే. రాజులు మారారు, సైన్యాలు మారాయి, గోనె మోసిన ఎద్దు మారలేదు.

మన మెట్టకు ఇందులో చోటెక్కడ? హైదరాబాదు నుంచి బందరు రేవుకు పోయే పాత దారి జగ్గయ్యపేట, నందిగామల మీదుగానే పోతుంది. ఇప్పుడు దాన్ని జాతీయ రహదారి 65 అంటున్నాం. సముద్రపు ఒడ్డున ఉప్పు, లోపలి నేలల్లో పత్తి, ధాన్యం. రెండిటి మధ్య ఎద్దు. మునేరు, పాలేరు పక్కన నీళ్లు, గుట్టల మీద మేత. బిడారు ఆగడానికి కావలసినవన్నీ ఇక్కడ ఉన్నాయి. ఉప్పు మోసింది మనవాళ్లు మాత్రమే కాదు. ఎరుకల వాళ్లలో ఉప్పు ఎరుకల అనే శాఖ ఉంది. వాళ్లూ తీరం నుంచి లోపలికి ఉప్పు మోసి బతికినవాళ్లే. ఈ వెతుకులాట వాళ్లకూ పనికొస్తుంది.

ఇంటిపేరులో ఉన్న తాత

మన దగ్గర అన్నిటికన్నా పాత దస్త్రం మన ఇంటిపేరే. రాజస్థానంలో ఫలానావాడి సంతానం అని చెప్పడానికి పేరు చివర "ఆవత్", "ఓత్" చేరుస్తారు. శేఖా సంతతి శేఖావత్, కూంపా సంతతి కూంపావత్. మన రామావత్, తేజావత్, మాలోత్, గుగులోత్, జాటోత్ కూడా ఇదే అచ్చులో పోసినవి. అంటే ఎప్పుడో ఒక తాత పేరు ఇంటిపేరులో నిలిచిపోయింది. తెలుగు కరణం దానికి ఉకారం తగిలించి మాలోతు, బాణోతు, గుగులోతు అని రాశాడు. ఒకే ఇంటిపేరు ఒక కాగితంలో రమావత్, ఇంకొకదాంట్లో రామావతు, మరొకదాంట్లో ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకోలా ఉంటుంది. వెతికేవాడు ఈ రూపాలన్నీ ముందే ఒక కాగితం మీద రాసుకోవాలి.

ఇంటిపేర్ల పైన పెద్ద గోత్రాలు ఉన్నాయి. రాథోడ్ లేదా భూక్యా, వడ్త్యా లేదా జాదవ్, పమార్, చౌహాన్. చౌహాన్‌లో పాల్త్యా, కొర్రా, మూడ్, కేళోత్, సభావత్, లావుడ్యా అని ఆరు శాఖలు. పమార్‌లో జర్పుల, విస్లావత్, ఆంగోత్, వాంకుడోత్ వంటివి. అజ్మీరా, మాలోత్, ధరావత్, గుగులోత్ వడ్త్యా వైపువి. ఒకే గోత్రం వాళ్లు అన్నదమ్ముల వరస, పెళ్లి కుదరదు. అందుకే సంబంధం మాట్లాడేటప్పుడు పెద్దలు కూర్చుని గోత్, పాడా అడిగి తేల్చుకుంటారు. చదువు రాని ముసలాయనకు కూడా ఏడు ఊళ్ల అవతలి కుటుంబం ఏ పాడానో తెలిసేది ఇందుకే. మన వంశవృక్షాన్ని వందల ఏళ్లు కాపాడింది ఏ పుస్తకమూ కాదు, పెళ్లి నియమం.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. రాథోడ్, చౌహాన్, పమార్ అనే పేర్లు రాజపుత్రులకూ ఉన్నాయి. అందువల్ల మనం ఫలానా మహారాజు వంశం అని చెప్పుకునే ఉత్సాహం మన యువకుల్లో పెరుగుతోంది. పేరు కలవడం ఒకటి, వంశం కలవడం ఇంకొకటి. పోషకుడి వంశాన్ని రాజులతోనో సూర్యచంద్రులతోనో కలపడం దేశమంతటా వంశగాయకులు చేసిన పని. రెడ్లకూ, వెలమలకూ, జమీందార్లకూ అలాంటి వంశావళులు ఉన్నాయి. మన తాత రాజు కానక్కరలేదు. కరువులో గింజలు మోసినవాడు రాజు కన్నా తక్కువేమీ కాదు.

ఢాడీ నోట, భాట్ పుస్తకంలో

రాజస్థానంలో వంశాలు చెప్పడమే వృత్తిగా ఉన్న కులాలు ఉన్నాయి. వాళ్లు బహీ అనే పొడుగాటి పుస్తకాల్లో తరతరాల పేర్లు రాస్తారు. హరిద్వార్ పండాల దగ్గరా అలాంటి బహీలే ఉంటాయి. మన దగ్గర ఆ పని భాట్లు, ఢాడీలు చేశారు. ఢాడీలు తండాలకు వచ్చి గోత్రాలవారీగా వంశాన్ని పాడి, ఇచ్చింది తీసుకుని పోయేవాళ్లు. వాళ్లలో చాలామంది ఇస్లాం తీసుకున్నారు. అయినా పాడింది బంజారా వంశాలే. మతం మారినా వృత్తి సంబంధం తెగలేదు.

ఈ ఏర్పాటు మనకొక్కరికే ఉన్నది కాదు. కోయల్లో డోలి వాళ్లు పడిగె అనే బొమ్మల గుడ్డను ఎత్తి పట్టుకుని గట్టుల వంశకథ చెబుతారు. గోండులకు పర్ధాన్లు కింగ్రి వాయిస్తూ పాడతారు. అక్షరం లేని జాతికి చరిత్ర లేదన్న మాట ఎంత తప్పో ఇవి చెబుతాయి. అక్షరం బదులు మనిషిని పెట్టుకున్నాం. ఆ మనిషిని పోషించడం మానేసినప్పుడే చరిత్ర పోయింది. ఈ రోజున ఢాడీ తండాకు వస్తే ముష్టివాడని పంపించేస్తున్నాం. కూర్చోబెట్టి, ఫోన్‌లో రికార్డు చేసి, అతని పేరూ తేదీ రాసి, అతనికి ఇవ్వాల్సింది ఇచ్చి పంపాలి.

ఢాడీ పాటలో ఉన్నదంతా నిజమని కాదు. పేర్ల వరుస ఎక్కువగా నమ్మవచ్చు. సంవత్సరాలు, ఎద్దుల లెక్కలు, యుద్ధాల గొప్పలు తక్కువ నమ్మాలి. ఇద్దరు గాయకులు విడివిడిగా ఒకే వరుస చెబితే దాని విలువ పెరుగుతుంది.

ఎన్ని తరాలు వెనక్కి?

చిన్న లెక్క వేద్దాం. తరానికి 25 ఏళ్లు అనుకుందాం. 2010లో పుట్టిన పిల్లకు తండ్రి 1985, తాత 1960, ముత్తాత 1935, ఆయన తండ్రి 1910, ఆ పైవాడు 1885. మన ఇళ్లలో జ్ఞాపకం సాధారణంగా ఆగేది ఈ ఐదో మెట్టు దగ్గర. అక్కడే ఎందుకు ఆగుతుంది? 1889లో నిజాం రైలు వరంగల్ నుంచి బెజవాడ దాకా వచ్చింది. ఉప్పు మీద కుంపిణీ గుత్తాధికారం అంతకుముందు 1805 నుంచే ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టం మేత భూములకు హద్దులు గీసింది. సరుకు రైలెక్కింది, మేతకు పన్ను పడింది, ఎద్దుకు పని పోయింది. నడిచే తండా నిలబడిపోయింది. నిలబడిన చోట నాయక్ పేరు మీద ఊరు పుట్టింది. ఫలానా నాయక్ తండా అంటే ఆ నాయక్ మన ఐదో తాతో, ఆరో తాతో. జ్ఞాపకం ఊరితో మొదలవుతుంది. అంతకుముందుది దారి. దారిలో గుర్తులు పెట్టుకోవడం కష్టం.

1630 నుంచి లెక్కేస్తే 15 తరాలు. ఐదు మనకు తెలుసు. మిగిలిన పది గాయకుల నోటా, గోత్రాల వరుసలోనూ, భాషలోనూ వెతకాలి. భాష కూడా దస్త్రమే. యాడి, బా, బాటి, పాణి అనే మన మాటలు రాజస్థానీ, గుజరాతీ మాటల చుట్టాలు. గ్రియర్సన్ భాషా సర్వే 1907లో అచ్చయిన సంపుటంలో లభానీని భిల్ భాషల పక్కన చేర్చింది. దారి పొడుగునా మరాఠీ, కన్నడ, తెలుగు మాటలు అంటుకున్నాయి. ఏ తండా మాటల్లో ఏ భాష ఎక్కువ కలిసిందో చూస్తే ఆ తండా ఏ దారిన వచ్చిందో కొంత తెలుస్తుంది. ఇది ఉపాధ్యాయులు పిల్లల చేత చేయించదగిన మంచి పని.

సర్కారు కాగితాల్లో

సముద్రం దాటిన తెలుగువాళ్ల సంగతి ఒకసారి చూడండి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను తీసుకుని దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. ఆ తర్వాత 1911 వరకు నటాల్‌కు సుమారు లక్షా 52 వేల మంది వెళ్లారు. ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఒంటి మీది పుట్టుమచ్చలు రాసిపెట్టారు. మారిషస్‌లో మహాత్మా గాంధీ సంస్థ అలాంటి దస్త్రాలనే భద్రపరిచింది. వాళ్ల మునిమనవలు ఆ కాగితం పట్టుకుని తాత ఊరు వెతుక్కుంటూ ఆంధ్రకు వస్తున్నారు. తోటల యజమానికి కూలీని లెక్క చూపాలి గనుక రాశారు. అది ప్రేమతో రాసింది కాదు. అయినా ఇప్పుడు వాళ్లకు పనికొస్తోంది.

మన తాతలు ఓడెక్కలేదు, పాసు తీసుకోలేదు. మన పేర్లు రాసిన మొదటి సర్కారు పుస్తకాల్లో కొన్ని కూడా మేలు కోరి రాసినవి కావు. 1871 నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి వర్తింపజేశారు. ఎరుకల సహా అనేక జాతులను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టి, పేర్లు, వేలిముద్రలు రిజిస్టర్లలో ఎక్కించారు. సంచారం చేసే లంబాడీలు కూడా ఆ అనుమానపు చూపు నుంచి తప్పించుకోలేదు. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. అలాంటి రిజిస్టర్‌లో తాత పేరు దొరికితే సిగ్గుపడవద్దు. సిగ్గుపడాల్సింది రాసినవాళ్లు. మనం అందులోంచి పేరు, ఊరు, వయసు తీసుకుందాం.

ఇక మామూలు దస్త్రాలు. జనాభా లెక్కల్లో వెతికితే మనుషుల పేర్లు దొరకవు. మొత్తం సంఖ్యలే ఉంటాయి. పేర్లు దొరికేవి ఇవి:

బడి అడ్మిషన్ రిజిస్టర్. తాత ఒక్క ఏడాది బడికి వెళ్లినా తండ్రి పేరు, కులం, ఊరు అందులో ఉంటాయి. పుట్టిన తేదీ మాత్రం నమ్మవద్దు. మనలో చాలామంది జూన్, జూలై ఒకటో తేదీన పుట్టినట్టు రాసి ఉంటుంది. అది అయ్యవారి సౌకర్యం.

జనన మరణాల రిజిస్టర్. మద్రాసు రాజధానిలో 1899లోనే దీనికి చట్టం వచ్చింది. దేశమంతటికీ 1969లో వచ్చింది. తండాల్లో పుట్టినవాళ్లందరినీ రాశారని అనుకోవద్దు, కానీ చూడాలి.

భూమి దస్త్రాలు. రీ-సర్వే సెటిల్‌మెంట్ రిజిస్టర్, అడంగళ్లు, జమీందారీల రద్దు తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగళ్లు, డి-పట్టాలు. భూమి లేని ఇంట్లోనూ ఎవరో ఒకరు ఎప్పుడో బంజరు సాగు చేసి ఉంటారు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక పాత దస్త్రాలు కొన్ని తాలూకాకు చేరాయి, కొన్ని చేరలేదు.

ఓటర్ల జాబితాలు. 1951-52 ఎన్నికల నుంచి. వీటిలో ఇంటినంబరు పక్కపక్కన ఉండడం వల్ల అన్నదమ్ముల ఇళ్లు తెలుస్తాయి.

ఏ జిల్లా కాగితాల్లో వెతకాలన్నది పెద్ద చిక్కు. కృష్ణా జిల్లా 1859లో మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి ఏర్పడింది. 1904లో గుంటూరు విడిపోయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ నుంచి నందిగామ, జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. కాబట్టి తాత కాగితం ఇప్పటి జిల్లా ఆఫీసులో లేదంటే లేనట్టు కాదు. అది మచిలీపట్నంలో ఉండవచ్చు, చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉండవచ్చు. నిజాం వైపుది హైదరాబాదు తార్నాకలోని ఆర్కైవ్స్‌లో ఉండవచ్చు. అక్కడ షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కను కాగితాలు కూడా ఉన్నాయి. అవి పారశీకంలో ఉన్నాయి. ఆ భాష నేర్చుకున్న లంబాడీ పిల్ల ఒక్కతైనా మన నుంచి రావాలి.

ఒక వంశం, రెండు సరిహద్దులు

నందిగామ మెట్ట సరిహద్దు నేల. 1766 తర్వాత ఉత్తర సర్కార్లు ఇంగ్లీషువాళ్ల కిందికి పోయాయి. పడమరన నిజాం రాజ్యం. గీత కూడా తిన్నగా లేదు. నిజాం నేల మధ్యలో ఉన్న మునగాల పరగణా నందిగామ తాలూకాలో భాగంగా ఉండేది. కృష్ణా జిల్లా మధ్యలో ఉన్న పరిటాల నిజాముది. ఎద్దుల బిడారుకు ఈ గీత సుంకం కట్టే చోటు మాత్రమే. తండాలు నిలిచిపోయాక అదే గీత అన్నదమ్ములను విడదీసింది. రజాకార్ల కాలంలో, 1947-48లో, ఎందరో కుటుంబాలతో గీత దాటి ఇటు వచ్చారు. మీ ఇంట్లో "రజాకార్లప్పుడు వచ్చాం" అనే మాట ఉంటే, ఏ ఊరి నుంచి అని తప్పక అడగండి.

ఈ గీత ప్రభావం 1956 తర్వాత కూడా పోలేదు. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు 1956 సవరణ నుంచి షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. తెలంగాణ ప్రాంతంలో లంబాడీలను 1976 చట్టం చేర్చింది, 1977లో అమలైంది. అంటే 20 ఏళ్ల పాటు జగ్గయ్యపేట పక్క తండాలో తమ్ముడు గిరిజనుడు, గీతకు అవతల కోదాడ వైపు తండాలో అన్న కాదు. తల్లి ఒకటే, ఇంటిపేరు ఒకటే. ఆ 20 ఏళ్లలో పుట్టిన అన్న బడి రిజిస్టర్‌లో గిరిజనుడు అని లేకపోవడం అతని వంశం గురించి ఏమీ చెప్పదు, జాబితా గురించే చెబుతుంది. కాగితాన్ని చదవడం అంటే అది ఏ చట్టం కింద రాసిందో కూడా చదవడం.

పాటలో అమ్మలు

ఇప్పటిదాకా చెప్పిన పేర్లన్నీ మగవాళ్లవే. వంశవృక్షాల పెద్ద లోపం ఇదే. పెళ్లయిన ఆడపిల్ల భర్త గోత్రంలో కలుస్తుంది. పాత కాగితంలో ఆమె ఫలానావాడి భార్య. ఢాడీ పాటలోనూ ఆమె పేరు అరుదు. కానీ వెతికే మార్గం ఉంది. అత్తవారింటికి పోయేటప్పుడు పెళ్లికూతురు పాడే ఢావ్‌లో పాటల్లో పుట్టింటివాళ్ల తలపోత ఉంటుంది. ముసలి యాడిల చేత ఆ పాటలు పాడించి, తమ పుట్టిన తండా ఏది, తల్లి పుట్టిన తండా ఏది, అమ్మమ్మది ఏది అని అడగండి. మగవాళ్ల వైపు వెతికితే ఒక తండా చరిత్ర వస్తుంది. ఆడవాళ్ల వైపు వెతికితే తండాల మధ్య దారులన్నీ వస్తాయి. మీ వంశవృక్షంలో ప్రతి మగపేరు పక్కన ఆడపేరుకు ఒక గడి ఉంచండి. తెలియకపోతే ఖాళీగా ఉంచండి గానీ గడి తీసేయవద్దు.

పని ఎలా మొదలుపెట్టాలి

ముందు ఇంట్లో మొదలుపెట్టండి, ఆఫీసులో కాదు. అందరికన్నా పెద్ద వయసు మనిషితో మొదలుపెట్టండి. ఆ మనిషి రేపు ఉండకపోవచ్చు, రిజిస్టర్ ఇంకా కొంతకాలం ఉంటుంది. ఏ సంవత్సరం అని అడగవద్దు. ఏ సంఘటనకు ముందా, తర్వాతా అని అడగండి. గాంధీ చనిపోయినప్పుడు, రజాకార్లప్పుడు, 1977 దివిసీమ ఉప్పెనప్పుడు ఎంత వయసు? కరువుల పేర్లు చెబితే ఒక జాగ్రత్త. తెలుగు సంవత్సరాలు 60 ఏళ్లకు ఒకసారి తిరిగొస్తాయి. నందన అంటే 1832, 1892, 1952 కూడా. గుంటూరు సీమ డొక్కల కరువు 1832-33 నాటిది. ఒక తాత నందన అంటే ఏ నందనో వయసు లెక్కతో తేల్చుకోవాలి.

రెండోది, విన్నది విన్నట్టు రాయండి. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కన రాయండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి. మూడోది, కాగితం కోసం వెళ్లేటప్పుడు సంవత్సరం, ఊరు, రెవెన్యూ గ్రామం పేరు పట్టుకుని వెళ్లండి. తండా పేరు పాత దస్త్రంలో ఉండదు, ఆ తండా ఏ గ్రామం కిందిదో ఆ పేరే ఉంటుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద నకలు అడగవచ్చు. నాలుగోది, దొరికినదంతా అందరికీ చూపవద్దు. రెండో పెళ్లి, పెంపకం, తండాల మధ్య తగువు, ఇలాంటివి బతికున్నవాళ్లను నొప్పించవచ్చు. వాళ్లను అడిగాకే బయట పెట్టాలి.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఆశ్రమ పాఠశాలలోనైనా, ఊరి బడిలోనైనా, ఒక తరగతి ఒక ఏడాదిలో ఒక తండా వంశపుస్తకం తయారు చేయగలదు. తెల్లకాగితాల నోటుబుక్కు ఒకటి చాలు. పదేళ్లు చేస్తే మెట్ట తండాలన్నిటికీ ఒక బహీ తయారవుతుంది. మొదట్లో చెప్పిన కంబర్లెజ్ రాసిందీ, థర్‌స్టన్ రాసిందీ మనల్ని బయటి నుంచి చూసి రాసినవి. మన వైపు నుంచి పని మొదలైంది. భంగ్యా భూక్యా నిజాం రాజ్యంలో లంబాడీల చరిత్ర మీద 2010లో పుస్తకం తెచ్చారు. కృష్ణా మెట్ట తండాల మీద అలాంటి పుస్తకం రావాలంటే ముందు ఈ నోటుబుక్కులు ఉండాలి.

వలస వచ్చామా అంటే వచ్చాం. దాచాల్సిన పని లేదు. ఈ నేల మీద కమ్మరి, కుమ్మరి, రైతు, బ్రాహ్మణుడు, ఎవరి వంశకథ తీసినా ఎక్కడో ఒక చోట నుంచి బయలుదేరినట్టే ఉంటుంది. మనం వచ్చి దాదాపు 400 ఏళ్లు. ఆ 400 ఏళ్లలో ఈ మెట్టకు ఉప్పు తెచ్చాం, గింజలు మోశాం, బంజరు దున్నాం, ఇక్కడే చచ్చి ఇక్కడి మట్టిలో కలిశాం. హక్కు అనేది ఎన్నేళ్ల కిందట వచ్చావు అన్న దాని మీద కాక, ఎలా బతకనిచ్చారు, ఏం దూరం చేశారు అన్న దాని మీద ఆధారపడుతుంది. దాన్ని చూపించడానికి పేర్లు కావాలి, తేదీలు కావాలి, ఊళ్లు కావాలి. ఈ వేసవి సెలవుల్లో మీ తండాలో అందరికన్నా పెద్ద యాడి దగ్గర కూర్చోండి. ముందు ఆమె పేరు రాయండి. తర్వాత ఆమె తల్లి పేరు అడగండి.